ఆ రికార్డు ఆయన దగ్గరే ఉంది, నాకెందుకు చెప్పలేదు?

తిరుపతి నుంచి వచ్చిన ఉత్తరం ఇది. రాసినాయన వయసు 47. బైరాగిపట్టెడలో ఉంటారు, ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతారు. పేరు వెయ్యొద్దన్నారు. పది పేజీల ఉత్తరాన్ని వీలైనంత వరకు ఆయన మాటల్లోనే కుదించి ఇస్తున్నాను.

"నాకు జాజ్ సంగీతం అంటే ప్రాణం. ఆ మాట చెప్పుకునేందుకు మా ఊళ్లో నాకు ఒక్క మనిషే ఉండేవారు. రైల్వేలో పనిచేసి రిటైరై మా వీధి చివర ఇల్లు కట్టుకున్న పెద్దాయన. చుట్టరికం లేదు గానీ మామా అనే పిలిచేవాణ్ణి. ఆయన భార్య నాకు అత్తమ్మ. వయసులో ఉన్నప్పుడు మామ మద్రాసులో, పెరంబూరులో ఉద్యోగం చేశారు. అక్కడ ఆంగ్లో ఇండియన్ స్నేహితుల ఇళ్లలో ఈ సంగీతం విని, మూర్ మార్కెట్లో పాత రికార్డులు కొనడం మొదలుపెట్టారు. ఇరవై ఐదేళ్ల కిందట, నేను ఎమ్మెస్సీ చదివేటప్పుడు, ఏదో పనిమీద వాళ్లింటికి వెళితే లోపల్నుంచి సాక్సఫోన్ వినబడింది. ఆ రోజు నుంచి నా ఆదివారం సాయంత్రాలన్నీ అక్కడే.

నా దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. దొరకాల్సిన రికార్డుల పేర్లు రాసుకుంటాను. ఇప్పుడు 61 ఉన్నాయి. అందులో మొదటిది 2006లో రాసుకున్న ‘హమ్ దోనో’. జమైకా నుంచి లండన్ చేరిన సాక్సఫోన్ కళాకారుడు జో హారియట్, బొంబాయిలో పుట్టిన గోవా గిటారిస్టు అమాన్సియో డిసిల్వా కలిసి 1969లో చేసిన ఎల్పీ, అంటే పెద్ద సైజు రికార్డు. దాని కోసం సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఎన్నిసార్లు చెన్నై వెళ్లానో లెక్కలేదు. బెంగళూరు, ముంబై చోర్ బజార్, కోల్‌కతా ఫ్రీ స్కూల్ స్ట్రీట్ కూడా తిరిగాను. తిరిగొచ్చిన ప్రతిసారీ మామకే చెప్పుకునేవాణ్ణి. ‘దొరుకుతాది లే నాయనా, తొందరేముంది’ అనేవారు.

మామ మూడు నెలల కిందట పోయారు. అత్తమ్మ దసరాలోపు బెంగళూరులో కూతురి దగ్గరికి వెళ్లిపోతోంది. అటక మీద పెట్టెల్లో ఉన్న రికార్డులు చూడమంది. 340 దాకా ఉన్నాయి. నాలుగో పెట్టెలో ‘హమ్ దోనో’ కనబడింది. అసలైన లండన్ ముద్రణ. అదే పెట్టెలో మామ పాత డైరీ. అందులో ఆయనదీ ఒక జాబితా. ఆ పేరు కొట్టేసి, పక్కన ‘మూర్ మార్కెట్, 1983’ అని రాసుంది. నేను వెతకడం మొదలుపెట్టడానికి 23 ఏళ్ల ముందే అది ఆయన ఇంట్లో ఉంది. నాకు కాళ్లు వణికాయి. రికార్డును మళ్లీ అదే పెట్టెలో పెట్టేసి, ఎవరితోనూ ఏమీ అనకుండా ఇంటికొచ్చేశాను.

అత్తమ్మకు వాటి విలువ తెలీదు. గుజిరీ ఆయన ఒక్కోదానికి 25 రూపాయలు ఇస్తానన్నాడట. ‘నువ్వు గాక ఇంకెవురు వింటారు నాయనా ఇయ్యన్నీ. నీకు తోచింది ఇచ్చి ఎత్తకపో’ అంది. మంచి స్థితిలో ఉంటే ఆ ఒక్క రికార్డే బయటి దేశాల్లో 60, 70 వేలు పలుకుతుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. పోయినేడు పాప ఇంటర్ ఫీజు కోసం చీటీ ఎత్తిన డబ్బులో 38,000 పెట్టి విదేశాల నుంచి రెండు రికార్డులు తెప్పించాను. కస్టమ్స్ డ్యూటీ కట్టమని పోస్ట్‌మ్యాన్ ఇంటికి వచ్చినప్పుడు నా భార్యకు తెలిసిపోయింది. ఇక కొననని పాప మీద ఒట్టేశాను. ఇప్పుడు ఆమే అంటోంది, ‘ఆవిడే ఇస్తానంటుంటే ధర చెప్పి చెడగొట్టుకోవడం దేనికి? ఇన్నేళ్లు తిరిగిన దానికి కూలి అనుకో’ అని. నాకు మనసొప్పడం లేదు. చెబితే చేజారిపోతుందని భయం. మామ మీద కోపం. పోయిన మనిషి మీద కోపమేంటని నా మీద నాకే అసహ్యం. రాత్రుళ్లు నిద్ర లేదు, ఒకటే టెన్షన్. అత్తమ్మ ఆదివారం రమ్మంది. ఏం చెయ్యమంటారు?

అన్నట్టు, రికార్డు అట్ట మీద తడి మరక ఉంది. ఇంకా పెట్టి వినలేదు. వినాలంటే ఎందుకో భయంగా ఉంది."

సమాధానం:

ముందు ఆ పెట్టెల్ని అటక మీద నుంచి దించండి. మిగతాదంతా తర్వాత చూద్దాం. తిరుపతి ఎండలకు శ్లాబు కింద అటక ఎలా కాగుతుందో ఫిజిక్స్ చెప్పే మీకు నేను వివరించక్కర్లేదు. ఎల్పీ అంటే పీవీసీ ప్లాస్టిక్. వేడికి మెత్తబడుతుంది, పైన బరువుంటే వంకర పోతుంది, ఆ వంకర మళ్లీ పూర్తిగా సర్దుకోదు. దసరా దాటితే మనకు వానలు. అట్టలకు బూజు పట్టేది అప్పుడే. కింద గదిలో, గోడకు కాస్త ఎడంగా, పుస్తకాల్లాగా నిలబెట్టండి. ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టొద్దు. ఈ పని చేసినంత మాత్రాన మీరు కొన్నట్టూ కాదు, వదులుకున్నట్టూ కాదు.

ఇక అసలు విషయం. మీ ఉత్తరంలో మూడు సంగతులు ఒకదానికొకటి చుట్టుకుపోయి ఉన్నాయి. మామ మీద బాధ, అత్తమ్మకు చెప్పాల్సిన ధర, ఇంట్లో పోగొట్టుకున్న నమ్మకం. ఎవరి లెక్క వాళ్లతోనే తేల్చుకోవాలి. మామ బాకీ అత్తమ్మ దగ్గర వసూలు చేసుకుంటే మీకు ఎప్పటికీ నిద్ర పట్టదు. ‘ఆయన నాకు చెప్పకుండా దాచాడు కాబట్టి ఇది నాకు రావాల్సిందే’ అనే ఆలోచన మీ ఉత్తరంలో రెండు చోట్ల వస్తుంది. రాసేటప్పుడు గమనించారో లేదో. దాచింది మామ. అత్తమ్మ దాచలేదు. ఆవిడకు తెలిసిందంతా మీ ముందు పెట్టి, తెలియనిది మిమ్మల్ని అడుగుతోంది.

మామ ఎందుకు చెప్పలేదన్నదే మిమ్మల్ని ఎక్కువ తినేస్తోంది కాబట్టి దాని దగ్గర కాసేపు ఆగుతాను.

రికార్డులు పోగేసే వాళ్లలో అందరికీ కాకపోయినా చాలామందికి ఒక భయం ఉంటుంది. ఫలానాది నా దగ్గరుందని నోరు జారితే, ‘ఒక్కసారి ఇవ్వండి, వినిచ్చేస్తాను’ అంటారు. ఇచ్చింది గీతలతో తిరిగొస్తుంది, లేదా అసలు తిరిగి రాదు. మామకు అలాంటి దెబ్బ ఎప్పుడైనా తగిలిందేమో. కానీ మీ విషయంలో ఇది పూర్తిగా అతకదు. మీరు ఇంటికి పట్టుకెళ్లేవారు కాదు, అక్కడే కూర్చుని వినేవారు. ఆయన తన చేత్తోనే పెట్టి వినిపించొచ్చు.

ఇంకోటి తోస్తోంది. అట్ట మీద తడి మరక ఉందని చివర్లో రాశారు. నాకైతే మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం అదే. లోపలి రికార్డు పాడైపోయి ఉండొచ్చు. తను అపురూపంగా తెచ్చుకున్నది తన ఇంట్లోనే పాడైపోతే, దాని పేరు చెప్పుకుంటూ ఊళ్లు తిరుగుతున్న కుర్రాడికి ‘నా దగ్గర ఉండేది, పాడుచేసుకున్నాను’ అని చెప్పడం మామ లాంటి మనిషికి తేలిక కాదు.

అదీ కాకపోతే ఇంకా మామూలు కారణం ఒకటుంది. 2006లో మీరు ఆ పేరు మొదటిసారి ఎత్తినప్పుడు, ఎప్పుడో ఒకరోజు తీసి ఆశ్చర్యపరుద్దామనుకుని ఊరుకుని ఉండొచ్చు. మొదటి ఆదివారం చెప్పని మాట పదో ఆదివారం చెప్పడం కష్టం. అయిదేళ్లయ్యాక ఇంకా కష్టం. ‘మరి ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదు?’ అన్న ప్రశ్నకు జవాబు ఉండదు కాబట్టి. మీరు మీ ఆవిడకు 38,000 సంగతి నెలల తరబడి చెప్పలేకపోయారు. చెబుదామనుకుంటూనే రోజులు జరిగాయని మీరే రాశారు. దెప్పడానికి గుర్తుచేయడం లేదు. మాట లోపలే ఆగిపోవడం ఎలా ఉంటుందో మీకు తెలుసు కాబట్టి చెబుతున్నాను.

వీటిలో ఏది నిజమో మనకు తెలిసే దారి లేదు. ఊరట కోసం అన్నిటికంటే మంచి కారణాన్ని ఎంచుకుని అదే నిజమని నమ్మమని నేను చెప్పను. స్వార్థం కూడా అయ్యుండొచ్చు. ఇరవై ఐదేళ్లు మీకు సంగీతం నేర్పిన మనిషే ఒక్క విషయంలో పిసినారి అయ్యుండొచ్చు. రెండూ ఒకే మనిషిలో ఉంటాయి. పోయినవాళ్ల మీద కోపం రావడం పాపం కాదు. అంత చనువున్న చోటే అంత కోపం వస్తుంది. కొన్నాళ్లు ఉండనివ్వండి. అత్తమ్మను అడగాలనిపిస్తే అడగొచ్చు, కానీ డైరీ ముందు పెట్టి నిలదీసినట్టు వద్దు. ‘ఈ రికార్డు గురించి మామ ఎప్పుడైనా ఏమన్నా చెప్పినాడా?’ అని మామూలుగా. ఆవిడకు తెలియకపోవచ్చు. భర్త పోయిన మూడో నెలలో, ఆయన ఎవరినో మోసం చేశాడన్న మాట ఆవిడ చెవిన పడకూడదు.

ఆ రికార్డు గురించి రెండు మాటలు. హమ్ దోనో అంటే మేమిద్దరం. హారియట్ అది చేసిన నాలుగేళ్లకే, 1973లో, 44 ఏళ్ల వయసులో చేతిలో డబ్బు లేని స్థితిలో పోయాడు. డిసిల్వా 1996లో పోయాడు. వాళ్లు బతికున్న రోజుల్లో ఆ ఎల్పీ కొన్నవాళ్లు కొద్దిమందే. దొరకని రికార్డు అని మనం చెప్పుకునే చాలావాటి వెనుక కథ ఇదే. అప్పట్లో అమ్ముడుపోలేదు, కాబట్టి ఎక్కువ ముద్రించలేదు, కాబట్టి ఇప్పుడు దొరకదు. ఇవాళ మనం పెట్టే ధరలో ఒక్క పైసా వాయించిన వాళ్లకు చేరలేదు. అమ్మేవాళ్లు, కొనేవాళ్లు ఎంత పట్టుబట్టి బేరమాడినా నాకు ఈ సంగతే గుర్తొస్తుంది.

ధర దగ్గరికి వద్దాం. 60, 70 వేలు అని రాశారు. ఇంకా వినలేదనీ రాశారు. వినకుండా ఆ అంకె పట్టుకోవద్దు. మీకు తెలిసిందే అయినా మీ ఆవిడకు, అత్తమ్మకు తెలియాలి కాబట్టి వివరంగా రాస్తున్నాను. పాత రికార్డుకు ధర దాని స్థితిని బట్టి ఉంటుంది. నియర్ మింట్ (దాదాపు కొత్తది), వెరీ గుడ్ ప్లస్, వెరీ గుడ్, గుడ్ అని మెట్లుంటాయి. పేరుకు గుడ్ అన్నా ఆ మెట్టుకు వచ్చేసరికి రికార్డు గరగరలాడుతూ ఉంటుంది. మెట్టు దిగేకొద్దీ ధర సగానికి, పావుకు పడిపోతుంది. అట్ట తడిసిందంటే ఇంకా తగ్గుతుంది. ఇంటర్నెట్లో ఎవరో అడుగుతున్న ధర చూడొద్దు, నిజంగా అమ్ముడైన ధరలు చూడండి. పాత రికార్డులు అమ్మే డిస్కాగ్స్ వెబ్‌సైట్లో రెండూ కనిపిస్తాయి. అప్పుడు మీ అంకె 70,000 దగ్గరే నిలవొచ్చు, 15,000కు దిగొచ్చు. అత్తమ్మకు చెప్పాల్సింది ఒక అంకె కాదు, ‘ఇంత నుంచి ఇంత దాకా’ అని. మిగతా 339 మీద కూడా పెద్ద ఆశ పెట్టకండి. అప్పట్లో మన దగ్గర దొరికిన ఎల్పీలలో ఎక్కువ భాగం కోల్‌కతా డమ్‌డమ్ ఫ్యాక్టరీలో అచ్చయిన హెచ్ఎంవీ రికార్డులు. వాటిలో చాలావరకు వందల్లోనే పోతాయి. అయినా 25 రూపాయలకంటే ఎన్నో రెట్లు నయం.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

ఏమీ చెప్పకుండా తీసుకోవడం ఒకటి. పది వేలు చేతిలో పెడితే అత్తమ్మ దీవించి మరీ పంపుతుంది. పాత సామాన్ల మధ్య యాభై రూపాయలకు వజ్రం దొరికిందని చెప్పుకునేవాళ్లు మీ తోటి సేకరణదారుల్లో ఉన్నారు, అందులో నాకు తప్పు కనబడదు. అక్కడ అమ్మేవాడు వ్యాపారి, ధర తెలుసుకోవడం అతని పని. అత్తమ్మ వ్యాపారి కాదు. తెలిసినవాడివని మిమ్మల్ని పిలిచింది. అక్కడ మీరు ఒకేసారి ధర చెప్పేవారు, కొనేవారు కూడా. ఈ దారిలో వెళితే తర్వాత ఏం జరుగుతుందో ఆలోచించండి. బెంగళూరులో ఉన్న కూతురు ఒక ఫొటో తీసి ఫోన్లో వెతికితే అరనిమిషంలో ధర తెలిసిపోతుంది. తెలియకపోయినా, చెన్నై మిత్రులు ‘ఎక్కడ దొరికింది?’ అంటే మీరు ఒక అబద్ధం తయారుగా పెట్టుకోవాలి. మామ మీకు చేసిందే మీరు ఆయన ఇంటికి చేసినట్టవుతుంది. మీ ఉత్తరం చదివాక మీరు ఇది భరించగలరని నాకు అనిపించలేదు.

ధర చెప్పి, ఆవిడ అడిగినంతకు కొనడం రెండో దారి. అంతా విన్నాక కూడా ‘అయితే ఏమి నాయనా, పదివేలియ్యి చాలు’ అని ఆవిడ అనొచ్చు. తెలిసి ఇచ్చినప్పుడు తీసుకోవడంలో తప్పు లేదు, కూతురికి కూడా ఆ మాట తెలిస్తే చాలు. ‘కాదు, దాని ధర దానికి రావాలి’ అని కూతురు అనొచ్చు. అదీ న్యాయమే. అప్పుడు డబ్బు ఎక్కడిది? మీరు ఒట్టేసి ఉన్నారు. దారి ఒకటే కనబడుతోంది, పోయినేడు తెప్పించిన రెండు రికార్డుల్ని అమ్మడం. కానీ పోస్టేజీ, డ్యూటీ తిరిగి రావు, 38,000 పెట్టినవి ముప్పైకి పోతే గొప్ప. ఆ డబ్బు ముందు పాప ఫీజులోకి వెళ్లాలి. దాన్ని ‘హమ్ దోనో’కు మళ్లిస్తే మీ ఆవిడ మిమ్మల్ని ఇంకెప్పుడూ నమ్మదు, నమ్మాలని నేనూ అడగను.

మూడో దారికి కష్టం ఎక్కువ. నా మనసు అటే మొగ్గుతోంది గానీ మీ ఓపిక మీకే తెలుసు. అత్తమ్మ తరఫున ఆ 340 రికార్డుల్ని మీరే అమ్మిపెట్టడం. ఒక్కోటి తీసి, తుడిచి, వెలుతురులో రెండు వైపులా చూసి, నడుమ లేబుల్ చుట్టూ పాట లేని నున్నటి చోట చెక్కిన నంబరు రాసుకుని, ఫొటో తీసి, ధర వెతకడానికి పది నిమిషాలనుకున్నా 57 గంటలు. తర్వాత చెన్నై, బెంగళూరు సేకరణదారులకు చూపించడం, వచ్చిన డబ్బు పైసాతో సహా ఒక పుస్తకంలో రాసి కూతురికి పంపడం. ఇంత పనికి కూలి తీసుకోవాలి. ముందే మాట్లాడుకోండి. అమ్మినదాంట్లో పదో వంతు అనుకోవచ్చు, లేదా డబ్బు వద్దు, ఆ ఒక్క రికార్డు ఇవ్వండి అని అడగొచ్చు. మీ ఆవిడ అన్న కూలి మాట అప్పుడు నిజమవుతుంది. ఒక షరతు మాత్రం పెట్టుకోండి. దాని ధర మీరు కట్టొద్దు, దాన్ని కొనే ఉద్దేశం లేని మరో సేకరణదారుడితో కట్టించండి. ఇందులో చిక్కులు లేకపోలేదు. దసరాలోపు అంతా అయిపోదు, పెట్టెలు మీ ఇంటికి రావాలి, ఇల్లు ఇరుకవుతుంది. మీ 61లో ఉన్నవి ఇంకో మూడో నాలుగో ఆ పెట్టెల్లో కనబడతాయి. వాటిని మీ చేత్తో ప్యాక్ చేసి వేరేవాళ్లకు పంపాల్సి వస్తుంది. అది తేలిక అని నేను చెప్పను.

ఇంకో దారీ ఉంది. రికార్డు ఎవరికి వెళ్లాలో వాళ్లకు వెళ్లనివ్వండి, సంగీతం మీరు ఉంచుకోండి. ‘హమ్ దోనో’ సీడీగా మళ్లీ వచ్చింది. అత్తమ్మ ఊరు వెళ్లేలోపు అసలు రికార్డునే ఆ ఇంట్లో ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు వినొచ్చు. ‘అది చాలదు’ అని మీకు వెంటనే అనిపించిందనుకోండి, ఎందుకు చాలదో కాగితం మీద రాయండి. మీ నోటుబుక్కు సంగతి అక్కడే మొదలవుతుంది.

మీ 61 పేర్లలో 23 అమెరికా జాజ్ రికార్డుల కంపెనీ బ్లూనోట్ మొదటి ముద్రణలని రాశారు. లేబుల్ మీద 47 వెస్ట్ 63 అన్న న్యూయార్క్ చిరునామా ఉండాలి, నున్నటి చోట చెవిలాంటి గుర్తు ఉండాలి, రికార్డింగ్ ఇంజనీరు రూడీ వాన్ గెల్డర్ పేరులోని ఆర్‌వీజీ అక్షరాలు ఉండాలి. ఈ గుర్తులన్నీ మామే నేర్పారన్నారు. వాటి మీద ఇష్టాన్ని నేను తక్కువ చేయను. 1950ల నాటి వస్తువు చేతిలోకి రావడం ఒక అనుభవం. కానీ అది చరిత్ర మీద ఇష్టం. వినడానికి అదే ఉండి తీరాలని లేదు. మీకు బాగా అర్థమయ్యే ఉదాహరణ ఒకటి చెబుతాను. అమెరికా ట్రంపెట్ కళాకారుడు మైల్స్ డేవిస్ 1959 నాటి ‘కైండ్ ఆఫ్ బ్లూ’ రికార్డు చేసేటప్పుడు, మొదటి వైపు పాటల రోజున, టేపు యంత్రం కొంచెం నెమ్మదిగా తిరిగింది. దాన్ని సరైన వేగంతో తిప్పితే స్వరం కాస్త పైకి వెళుతుంది. పక్కన రెండో యంత్రం మీద చేసిన టేపు నుంచి 1990లలో ఆ తప్పు సరిచేశారు. అంటే వేలకు వేలు పోసి కొనే మొదటి ముద్రణలో శ్రుతి తేడాగా ఉంది, మామూలు ధరకు దొరికే తర్వాతి కాపీలో సరిగ్గా ఉంది. బ్లూనోట్ వాళ్లు 2019లో మొదలుపెట్టిన టోన్ పొయెట్ ముద్రణల్ని అసలు టేపుల నుంచే సౌండ్ ఇంజనీరు కెవిన్ గ్రే చేశారు. కొత్తవి, గీతల్లేనివి, కొన్ని వేలల్లో దొరుకుతాయి.

కాబట్టి ఒక రాత్రి కూర్చుని ఆ 61 పేర్ల పక్కన రెండు సంగతులు రాయండి. ఇది పూర్తిగా విన్నానా? ఈ పేరు నాకు ఎవరు చెప్పారు? వినకుండానే రాసుకున్నవి ఎన్ని ఉన్నాయో చూస్తే మీకే ఆశ్చర్యం వేయొచ్చు. మామ చెప్పారని రాసుకున్నవి నిజానికి మామ జాబితాలోవి. ఆయన తీరని కోరికలు మీరు మోయక్కర్లేదు. మోయాలనిపిస్తే అది మీ ఇష్టం, తెలిసి మోయండి. మిగిలిన వాటిలో వినాల్సినవి వేరు, చేతికి రావాల్సినవి వేరు అని విడదీయండి. రెండో వరుసలో అయిదారుకంటే ఎక్కువ మిగలవని నా అంచనా.

జాబితాను మొత్తంగా చించేయమని మాత్రం నేను అనను. మీ ఉత్తరంలో ‘ఇదంతా పిచ్చి’ అన్న మాట నాలుగుసార్లు ఉంది. అది పిచ్చి కాదండీ. మీరు ఏ ఊళ్లో ఉన్నారో చూసుకోండి. 1922లో తిరుమల గుడిలోని సంకీర్తన భాండారం నుంచి అన్నమయ్య రాగిరేకులు బయటికి వచ్చాయి. మాట దొరికింది, రాగం పేరు దొరికింది, ఆయన పాడిన తీరు దొరకలేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి లాంటి పెద్దలు వాటికి మళ్లీ స్వరాలు కట్టాల్సి వచ్చింది. జాజ్‌లో సగం అక్కడికక్కడ పుట్టేదే. ఆ రోజు ఆ గదిలో యంత్రం తిరుగుతోంది కాబట్టి మిగిలింది. మా తాతగారు పోయాక ఆయన గ్రామఫోన్ ప్లేట్లు చిత్తూరులో మా వాళ్లు తూకానికి వేశారు. వాటిలో ఏమేం ఉన్నాయో ఎవరూ రాసి పెట్టుకోలేదు. నాకు అప్పుడు పదకొండేళ్లు. ఎర్ర లేబుల్ మీద నాగస్వరం బొమ్మ ఉన్న ఒక ప్లేటు మాత్రం గుర్తుంది, ఎవరు వాయించారో తెలీదు. మీరు 57 గంటలు కూర్చుని రాసే ఆ పట్టిక, ఏ దారిలో వెళ్లినా, ఒక మనిషి యాభై ఏళ్లు ఏం విన్నాడో చెప్పే కాగితం. మూడో దారి వైపు నా మనసు మొగ్గడానికి సగం కారణం ఇదే. రాసిన కాపీ ఒకటి అత్తమ్మకు ఇవ్వండి.

ఇక మీ ఇల్లు. మీ ఆవిడ మాటను మీరు దురాశ అనుకుంటున్నట్టున్నారు. నాకు అలా వినబడలేదు. చేతిలో డబ్బు కదలకుండా మీ ఇరవై ఏళ్ల కోరిక తీరే దారి ఒకటి ఆవిడకు కనబడింది. అంత కోపంలో ఉండి కూడా ఆ రికార్డు మీకు దక్కాలని ఆవిడ కోరుకుంటోంది. ముందు ఆ మాట గుర్తించి ఆవిడతో చెప్పండి. తర్వాత ‘ఇలా తీసుకుంటే నేను సుఖంగా వినలేను’ అని చెప్పండి. ఆదివారం అత్తమ్మ ఇంటికి వెళ్లకముందే ఈ మాట జరగాలి, వెళ్లొచ్చాక కాదు. నోటుబుక్కు ఆవిడ చేతికివ్వండి. పాప ఫీజు డబ్బు ఏ నెలకల్లా పూడుస్తారో తేదీ వేసి రాయండి. ఆ తర్వాత నెలకు ఎంతవరకు రికార్డుల మీద పెట్టొచ్చో ఇద్దరూ కలిసి అనుకోండి. ఏడాది పాటు సున్నా అని ఆవిడ అంటే సున్నాయే. బిడ్డ మీద ఒట్టు వేయడం మాత్రం, వీలైతే, ఇక మీదట వద్దు. మాట మీ మీదే వేసుకోండి.

అత్తమ్మతో చాలా చెప్పక్కర్లేదు. ‘అత్తమ్మా, ఇందులో ఒక రికార్డు నేను ఇరవై ఏళ్లుగా వెతుకుతా ఉండేది. దానికి చానా ధర ఉండొచ్చు, ఎంతో తేల్చి చెప్తాను. అక్కతో కూడా మాట్లాడదాం. అంతవరకూ గుజిరీ ఆయన్ని రావద్దను’ అంటే చాలు. ఈ నాలుగు మాటలు అన్నాక పై దారుల్లో ఏది తీసుకున్నా మీకు తల దించుకునే పని ఉండదు. అనకపోతే ఏది తీసుకున్నా ఉంటుంది.

తర్వాత ఆ రికార్డు వినండి. మీ ఇంట్లో వద్దు, అక్కడే, మామ ప్లేయరు మీద, అత్తమ్మ పక్కన ఉండగా. మీ భయం దేనికో నాకు అర్థమైంది. బాగుంటే ‘ఇంత మంచిది దాచేశాడు’ అనిపిస్తుంది, పాడైపోయి ఉంటే ఇరవై ఏళ్ల వెతుకులాట గరగరలో ముగుస్తుంది. ఏదైనా సరే, రెండు వైపులా చివరిదాకా వినండి. ఆ ప్లేయరు ముల్లు మార్చి ఎన్నేళ్లయిందో మాత్రం ముందు చూసుకోండి. అరిగిన ముల్లు గాడిని కోసేస్తుంది. చెన్నై నుంచి కొత్త ముల్లు తెప్పించి, ముందు ఒక మామూలు రికార్డు మీద పెట్టి చూసి, ఆ తర్వాతే ‘హమ్ దోనో’ను అట్టలోంచి తీయండి.